ఎర్ర నూలు ఉండ

"మీ ఆయన్ని ఒక మాట అడుగు. ఈ రెంటిలో ఏదో ఒకటి కింద మందుల షాపులో కొనుక్కుని గంటలో రా" అని డాక్టరమ్మ, కోజోకారు అని పేరు, చీటీ చేతిలో పెట్టి పంపించి పావుగంటయింది. స్మరాండ ఇంకా వసారాలో బెంచీ మీద కూర్చుని ఆ 'మీ ఆయన్ని' అన్న మాట దగ్గరే ఆగి ఉంది. చీటీలో పైన రాగి లూపు, కింద హార్మోను లూపు. రెండు పేర్లూ ఒకే కలంతో, ఒకే తొందరలో రాసినవి, బజారుకు పంపుతూ టమాటాలు దొరక్కపోతే వంకాయలు తెమ్మన్నట్టు. యుస్తిన్‌ని ఏమని అడగాలి? ఆ లూపు పడుకునేది యుస్తిన్ కడుపులోనా? ఈపాటికి టైర్ల షాపులో ఎవరిదో కారు కింద దూరి ఉంటాడు, ఫోను తీస్తే నూనె చేత్తో తీస్తాడు. "కిందది వేయించుకో, నెలసరి తగ్గుతుంది, ఆగిపోయినా ఆగిపోవచ్చు, నీ ఒంట్లో రక్తం ఎలాగూ లేదు" అంది డాక్టరమ్మ. మరి మనసు సంగతేమిటని అడిగితే "మనసుకేం, అందరూ బాగానే ఉన్నారు" అంది, ఎవరి మనసులో తొంగి చూసి వచ్చిందో. పైదైతే హార్మోన్లు ఉండవు, కానీ రక్తం ఎక్కువ పోతుంది, నొప్పీ ఉంటుంది. అంటే ఒకటి రక్తం అడుగుతుంది, రెండోది మనసు అడుగుతుందేమో తెలియదు. ఏమీ అడగనిది లేదా అని నోరు తెరిచేలోపు నర్సు ఒటీలియా తలుపు తీసి తర్వాతి పేరు పిలిచేసింది.

వసారాలో పదిమంది దాకా ఉన్నారు. బొటోషాని ఊళ్ళో ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఇంతే, చీటీ మీద ఏ టైము రాసి ఉన్నా వచ్చినవాళ్ళు ముందు అడిగేది "చివర ఎవరు?" అని, ఆ తర్వాత "మీరు దేనికొచ్చారు?" అని. ఊలు టోపీ పెట్టుకున్న ముసలమ్మ ఒకావిడ ఇప్పటికే రెండుసార్లు "ఒక్క మాట అడిగి వచ్చేస్తానమ్మా, ఒక్కటే మాట" అంటూ అందరినీ తోసుకుని లోపలికి వెళ్ళింది, ఆ ఒక్క మాట ఇరవై నిమిషాలు అడుగుతుంది, ఎవరూ ఏమీ అనరు, అనరు కదా, పళ్ళు నూరుకుని కిటికీలోంచి చూస్తారు, రేపు తామూ అదే మాట చెప్పి దూరాలి మరి. పక్కన కూర్చున్న ఆవిడ, మెడలో సిలువ, ఒళ్ళో పెద్ద సంచి, అప్పుడే మొదలుపెట్టింది. ఎన్నో బిడ్డ? మొదటిదే? ఆడపిల్లా? ఆహా, దేవుడు తోడుగా ఇంకొకణ్ణి ఇస్తాడులే. మరి దేనికొచ్చావు? ఈ ప్రశ్నకు ఈ వసారాలో అందరూ చెప్పే జవాబు ఒకటే, 'చూపించుకోవడానికి'. గర్భం వచ్చినా చూపించుకోవడానికే, పోయినా చూపించుకోవడానికే. స్మరాండ నోట్లోకీ అదే మాట వచ్చింది. దాన్ని మింగేసి "లూపు వేయించుకోవడానికి" అంది, కాస్త గట్టిగానే. సంచి ఆవిడ సంచిని దగ్గరకు లాక్కుంది. ఎదుటి బెంచీ మీద గోళ్ళు కొరుక్కుంటున్న పిల్ల మాత్రం తలెత్తి స్మరాండ వైపు చూసి, ఆ చూపు తిప్పుకోలేదు.

కిటికీలోంచి కిందికి చూస్తే పెరటి బెంచీ మీద అత్తగారు వెతూరియా. పిల్లబండిని కాలితో ముందుకీ వెనక్కీ ఆడిస్తోంది, చేతులు ఖాళీగా ఉంటే ఆవిడకు నిద్రపట్టదు కనుక ఏదో అల్లుతోంది కూడా. సెప్టెంబరు ఎండ కాస్తోంది, అయినా బండిలో ఇలింకా తల మీద రెండు టోపీలు. గాలి తగులుతుందట. గాలి తగిలితే చెవి పోటు, చెవి పోటు వస్తే చెముడు, చెముడు వస్తే పెళ్ళి కాదు, పది వారాల పిల్లకి పెళ్ళి కాదు. మణికట్టుకి దిష్టి తగలకుండా ఎర్రదారం. పదకొండింటికి పాలకి లేస్తుంది, ఇప్పుడు పది కావస్తోంది. రొమ్ములు బరువెక్కుతున్నాయి. ఒంట్లో గడియారం మాత్రం ఎవర్నీ అడగకుండా నడుస్తోంది, దానికి 'మీ ఆయన్ని' అడగాల్సిన పని లేదు. పొద్దున ఇంట్లో బాల్కనీ అంతా కాల్చిన మిరపకాయల వాసన, చలికాలానికి పచ్చడి పెడుతున్నారు, బ్లాకులో నాలుగంతస్తులకీ నాలుగు పొగలు. వెతూరియా నల్లబడ్డ తొక్కలు ఒలుస్తూ ఒలుస్తూ చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. టీవీ మీద ఉండే గాజు చేప వెనకనుంచి ఎర్ర నూలు ఉండ తెచ్చి స్మరాండ సంచిలో కుక్కింది.

"ఇది అల్లుకోవడానికి కాదే. లోపలొకటి ఉంది. రాగిది. పోలండు దేశపు ఆడమనిషి దగ్గర కొన్నాను. సముద్రానికి పోతూ మన బజార్లో దిగి అన్నీ అమ్మేవాళ్ళు అప్పుడు, క్రీములు, బనీన్లు. ఇది మాత్రం గౌను లోపల్నించి తీసిచ్చింది. నువ్వన్నా పెట్టించుకో."

"ఎప్పుడు కొన్నారు అత్తయ్యా?"

"ఎనభై అయిదులో."

"అత్తయ్యా, నలభై ఏళ్ళయింది!"

"అయితే? రాగి చెడిపోతుందా? మా అమ్మ జామ్ వండే కాగు వందేళ్ళది, ఇప్పటికీ అందులోనే వండుతున్నాను. దాని పేపరు కూడా విప్పలేదు."

స్మరాండకు నవ్వొచ్చింది. నవ్వబోయి ఆవిడ మొహం చూసి ఆగింది. వెతూరియా అబద్ధం చెప్పదు, అదే ఆవిడతో వచ్చిన చిక్కు. జనాభా పెరగాలని అప్పటి సర్కారు చేసిన చట్టం ప్రకారం నలుగుర్ని కంటే తప్ప, తర్వాత అయిదుగుర్ని కంటే తప్ప, ఆడమనిషి కడుపు ఆడమనిషిది కాదు. లూపు తెచ్చుకుంది సరే, వేసే డాక్టరు ఎవరు? వేస్తే డాక్టరు జైలుకు, వేయించుకుంటే ఈవిడ. అందుకని నూలులో చుట్టి దాచింది. నూలు మిల్లులో పని, ఎర్ర నూలు ఎవరూ విప్పి చూడరు. రెండు నెలలకో మూడు నెలలకో ఒకసారి మిల్లులోనే ఒక గదిలో వరసగా నిలబెట్టి పరీక్షలు. ఎవరికైనా నెల తప్పితే ఫైల్లో ఎక్కించేవాళ్ళు, ఇక ఆ కడుపు ఎక్కడికీ పోవడానికి వీల్లేదు. అందుకే నెలసరి వచ్చిన రోజు పండగట. వచ్చిన మనిషి తన మిషను కండె మీద ఎర్ర దారం ఒక ముడి వేసేది. పక్క మిషను మీద పనిచేసేవాళ్ళు చూసేవాళ్ళు, ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు, ఆ చప్పుడులో మాట్లాడినా వినపడదు, నవ్వేవాళ్ళు. ఈ నెల గట్టెక్కాం. మిల్లు మొత్తం మీద ఎవరి మిషను మీద ఎర్రముడి ఉందో, ఎవరి మిషను మీద లేదో ఆడవాళ్ళందరికీ తెలుసు, మేస్త్రీకి మాత్రం తెలియదు. మేస్త్రీ అది మిషను గుర్తు అనుకునేవాడట, మగాళ్ళ తెలివి.

పరస్కీవా మిషను మీద రెండు నెలలు ముడి లేదు. మూడో నెల పరస్కీవాయే లేదు. కడుపు పోవడానికి ఇంట్లో ఏదో చేసుకుంది, ఎవరో చేశారు. ఆసుపత్రి మంచం పక్కన పోలీసువాడొకడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఎవరు చేశారో పేరు చెప్తేనే డాక్టరు ముట్టుకోవాలి. పరస్కీవా పేరు చెప్పకుండానే పోయింది. వెతూరియా ఈ మాట పొద్దున మిరపకాయల ముందు చెప్పింది, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు, వేళ్ళు మిరపతొక్కలు ఒలుస్తూనే ఉన్నాయి. "చెప్పలేదే అది. పేరు నాకు తెలుసు, ఇప్పటికీ తెలుసు, నేనూ చెప్పను." తర్వాత ఏడాది వెతూరియా నెల తప్పింది. ఇద్దరు ఆడపిల్లలు అప్పటికే, ఒక గది ఇల్లు, చలికాలం వేడి ఉండదు, పాలు ఉండవు. పరస్కీవా మంచం కళ్ళ ముందు ఉంది. నూలు ఉండ బీరువాలో ఉంది. "భయపడి కన్నానే వాణ్ణి. నీ మొగుణ్ణి. కావాలని కాదు. కన్నాక ప్రేమించాను, అది వేరే సంగతి, ప్రేమించకుండా ఉండగలమా. కానీ ముందు భయమే. ఇప్పుడు రక్తం ఆగిపోయే రకమూ ఉందట, నీకు అది వద్దే అమ్మాయ్. రక్తం రాకపోతే ఎలా తెలుస్తుంది నీకు? నెల నెలా ఛస్తావు."

ఫోను వణికింది. యుస్తిన్, తను అడక్కుండానే. 'నీ ఇష్టం. డాక్టరు ఏది చెప్తే అది.' దాని పక్కన ఒక గుండె బొమ్మ. ఒక్క మెసేజీలో ఇద్దరికి ఇచ్చేశాడు ఇష్టాన్ని, మొదట తనకి, వెంటనే డాక్టరుకి. మంచివాడే. పిల్లకి స్నానం చేయిస్తాడు, మోచేత్తో నీళ్ళు చూసి మరీ. తనెలా పుట్టాడో వాడికి తెలుసా? తెలిసి ఉండదు. వెతూరియా ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్న మాట తనకెందుకు చెప్పింది? కోడలికి చెప్పింది, కొడుక్కి చెప్పలేదు. అంటే ఈ నూలు ఉండ ఇప్పుడు తన సంచిలోనే కాదు, తన నోట్లో కూడా ఉంది, యుస్తిన్ ముందు మింగుతూ ఉండాలి. సంచి మూతి తీసి చూసింది. ఉండ ఎర్రగా, పాతబడి కాస్త మట్టిరంగు తిరిగి, డైపర్ల మధ్య కూర్చుని ఉంది. వేలితో నొక్కితే లోపల గట్టిగా ఏదో తగిలింది. నలభై ఏళ్ళు. ఒక్కరోజు కూడా వాడుకోని రక్షణ. కోపం వచ్చింది స్మరాండకు, ఎవరి మీదో తెలియలేదు. చట్టం చేసినవాళ్ళ మీద అనుకుంటే వాళ్ళు చచ్చారు, డాక్టరమ్మ మీద అనుకుంటే ఆవిడ తొందరే తప్ప చెడ్డది కాదు, ఎవరి మీదో మరి. వచ్చిన కోపం మాత్రం చల్లారే రకం కాదు.

రాగిదైతే మనసు జోలికి పోదు. అదొక్కటీ తనకు కావాలి. ఇరవై రెండో ఏట గర్భం రాకుండా మాత్రలు వేసుకుంది, ఎనిమిది నెలలు. చిన్న మాత్ర, గులాబీ రంగు, నాలుక మీద పెట్టుకుంటే తియ్యగా ఉండేది. ఆ ఎనిమిది నెలల్లో ఏడ్చిందా? ఏడ్వలేదు. ఏడుస్తే బాగుండేది. పరదాలు కుట్టే దుకాణంలో పని, పెళ్ళిళ్ళ హాలుకి ముప్ఫై రెండు పరదాలు ఆర్డరు వస్తే ముప్ఫై రెండూ తలకిందులుగా కుట్టింది, పూలన్నీ నేలకేసి చూస్తూ. యజమానురాలు అరుస్తుంటే ఆ అరుపు పక్కింట్లోంచి వస్తున్నట్టు వినపడింది. అప్పటి డాక్టరుకు చెప్తే "పెళ్ళి చేసుకో, సర్దుకుంటుంది" అన్నాడు. సర్దుకోలేదు. ఒక పొద్దున ఎవర్నీ అడక్కుండా మాత్రల అట్ట మొత్తం సింకులో చింపి పారేసింది. మూడు వారాలకి బజారులో ఒక ప్లమ్ పండు కొరికితే పులుపు తగిలింది. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి ఏదో తగిలింది. బజారు మధ్యలో నిలబడి అయిదు పళ్ళు తింది, అమ్మేవాడు ఆరోది ఊరికే ఇచ్చాడు. డాక్టరమ్మ అంటుంది, ఇది మాత్ర కాదు, దీంట్లో హార్మోను చాలా కొంచెం అని. కావచ్చు. అందరికీ అలా కాదు. అదీ నిజమే కావచ్చు. కానీ మాత్రని సింకులో పారేసింది తన చెయ్యి. లూపు తన చేతికి అందే చోట ఉండదు. ఇంకొకరు తియ్యాలి. ఆ ఇంకొకరు 'సర్దుకుంటుంది' అంటే?

అంటే రాగిదే. చీటీ మడిచి లేవబోయింది. కళ్ళ ముందు నల్లబడి మళ్ళీ కూర్చుంది. ఇదిగో, ఇదీ ఉంది. ఇలింకా పుట్టినప్పుడు మంచం కింద నర్సు గుడ్డలు పరుస్తూనే ఉంది, పరిచిన గుడ్డలు తీస్తూనే ఉంది, ఎవరో 'ఇంకో సంచి తెండి' అన్నారు, రెండు సంచుల రక్తం ఎక్కించారు, ఎవరి రక్తమో, వాళ్ళకి దండం. చిన్నప్పటినుంచీ అంతే, నెలసరి వస్తే ఆరు రోజులు మంచం, ఒకసారి స్కూల్లో జెండా కింద నిలబడి నిలబడి పడిపోయింది, తల పగిలింది. మొన్న మంగళవారం మూడో అంతస్తు మెట్లు ఎక్కుతుంటే లిఫ్టు పనిచేయక, రెండో మలుపు దగ్గర చీకటి కమ్మింది. చేతుల్లో పిల్ల. కటకటాలకి వీపు ఆనించి మెల్లగా జారి కూర్చుంది, పిల్లని గుండెకి అదుముకుని. అలా ఎంతసేపు కూర్చుందో. నాలుగో అంతస్తు ముసలాయన కుక్కని దింపుతూ "పడిపోయావా అమ్మా?" అని అడిగితే "లేదు, కూర్చున్నాను" అంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. యుస్తిన్‌కి చెప్పలేదు, వెతూరియాకి అసలే చెప్పలేదు. రక్తం వస్తే పండగ అని వెతూరియా అంటుంది. పండగే, ఒకప్పుడు. రక్తం ఉన్నవాళ్ళకి.

నలభయ్యో రోజున చర్చి గడప దగ్గర నిలబెట్టి పాదరీ శుద్ధి ప్రార్థన చదివాడు, బాలింత మైల పోవడానికి. అప్పుడు స్మరాండ పిల్లని ఎత్తుకుని తలవంచుకుని నిలబడింది, లోపల మాత్రం ఒకటే అనుకుంది, ఏం మైల, రెండు సంచులు కొత్తది పోశారు కదా నాలో. నవ్వొచ్చింది అప్పుడు. ఇప్పుడు మళ్ళీ వచ్చింది. ఒకరు రక్తం రావాలంటారు, రాకపోతే భయం. ఒకరు వచ్చింది మైల అంటారు. ఒకరు ఆపేస్తాం అంటారు, మీ ఆయన్ని అడుగు అంటారు. ఇంతమందికి తన రక్తంతో పని. వసారా చివర ఎవరిదో పసిపిల్ల కేర్‌మంది, స్మరాండ పాలు ఆగలేదు, జాకెట్టు తడిసి గుండ్రంగా రెండు మరకలు. సంచి ఆవిడ చూసి కండువా ఇవ్వబోయింది కప్పుకోమని. వద్దంది స్మరాండ. తడి చల్లగా, తర్వాత వెచ్చగా. కప్పుకోవలసినంత తప్పు ఏముంది ఇందులో. అప్పుడే తెలిసింది ఏం కావాలో. ఎప్పటినుంచో తెలిసే ఉంది కాబోలు, ఇందాకటినుంచీ రాగియా హార్మోనా అని తప్పు ప్రశ్న అడుగుతోంది అంతే. మెట్ల మీద పిల్లతో పడకూడదు. అది ఒకటి. పరదాలు తలకిందులు కాకూడదు. అది రెండు. రెండూ ఒక్క పెట్టెలో దొరకవు. కాని తలుపు దొరుకుతుంది. లోపలికి వెళ్ళేటప్పుడే బయటికి తలుపు ఎటు ఉందో అడిగి వెళ్ళొచ్చు. ఈ ఆసుపత్రిలో ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు.

కింద మందుల షాపులో అమ్మాయి పెట్టె తీసిస్తూ గొంతు తగ్గించింది, ఏదో దొంగసొమ్ము అమ్ముతున్నట్టు. "హార్మోనుదే కదండీ?" "అవును, హార్మోను లూపు" అంది స్మరాండ మామూలు గొంతుతో, వెనకాల దగ్గు మందుకి నిలబడ్డ ముసలాయన కూడా విన్నాడు, విన్నా ఏమీ కాలేదు. పైకి వచ్చేసరికి ఊలు టోపీ ముసలమ్మ మూడోసారి తలుపు పట్టుకుని ఉంది, ఒక్క మాటే అంటూ. "నేనూ ఒక్క మాటేనండీ" అని స్మరాండ ఆవిడ చెయ్యి కిందనుంచి దూరి లోపలికి వెళ్ళింది. గోళ్ళు కొరికే పిల్ల ఫక్కున నవ్వింది.

"ఏది తెచ్చావు? ఆ, మంచి పని. మీ ఆయన కూడా అదే అన్నాడా?" డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది.

"ఆయన్ని అడగలేదండీ. మిమ్మల్ని అడుగుతున్నాను. నేను తియ్యమన్న రోజు తీస్తారా?"

"ఎనిమిదేళ్ళు పనిచేస్తుందమ్మా ఇది. ఇప్పుడే తియ్యడం ఏంటి?"

"ఎనిమిదేళ్ళైనా, ఎనిమిది రోజులైనా. నేను తియ్యమన్న రోజు. ఎందుకని అడక్కుండా."

"అందరూ మొదట్లో ఇలాగే అంటారు. ఆరు నెలలు ఓపిక పడితే సర్దుకుంటుంది."

సర్దుకుంటుంది. అదే మాట, ఎనిమిదేళ్ళ తర్వాత, వేరే గదిలో, వేరే నోటినుంచి. స్మరాండ పెట్టెను బల్ల మీద పెట్టలేదు, చేతిలోనే పట్టుకుంది.  "నేను ఓపిక పట్టను డాక్టరుగారూ. ఒకసారి ఎనిమిది నెలలు పట్టాను, చాలు. నా మనసు ఎప్పుడు బాగోలేదో నాకు తెలుస్తుంది, మీకు తెలియదు. నా ఫైల్లో రాయండి, అడిగిన రోజు తియ్యాలి అని. రాస్తే ఎక్కుతాను బల్ల. లేకపోతే ఈ పెట్టె ఇంకో ఊరు తీసుకెళ్తాను." డాక్టరమ్మ కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుంది. ఒటీలియా గోడకేసి చూస్తోంది. ఫైలు అంటే ఈ దేశంలో ఆడవాళ్ళ గురించి వాళ్ళ వెనక రాసేది, ముందు నిలబడి రాయించుకునేది కాదు. చివరికి డాక్టరమ్మ కళ్ళజోడు వెతుక్కుంటూ "ఒటీలియా, ఆవిడ ఫైలు ఇటివ్వు" అంది. రాసింది. స్మరాండ వంగి ప్రతి అక్షరమూ చదివింది. తర్వాత బల్ల ఎక్కింది. చల్లగా ఉంది, నొప్పి పుట్టింది, ఒక్కసారి గట్టిగా మెలిపెట్టినట్టు, ఊపిరి ఆగింది, వదిలింది. అంతే. పరస్కీవా మంచం గుర్తొచ్చింది. ఇక్కడ కుర్చీలో ఎవడూ లేడు.

పెరట్లో ఇలింకా లేచే ఉంది, రెండు టోపీల కింద మొహం ఎర్రగా చేసుకుని. బెంచీ మీద కూర్చుని జాకెట్టు విప్పి పాలిచ్చింది స్మరాండ. పొత్తికడుపు సలుపుతోంది. పిల్ల గుటకలు వేస్తోంది. వెతూరియా అల్లిక ఒళ్ళో పెట్టుకుంది, ఆగడం ఆవిడకు చేతకాదు.

"ఏది?"

"రక్తం ఆపేది, అత్తయ్యా."

వెతూరియా అల్లిక పక్కన పెట్టింది. పెరటి గోడవైపు చూసింది. ఆవిడ చేతులు రెండూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, మిరపతొక్కల నల్లటి మరకలు గోళ్ళలో ఇంకా ఉన్నాయి. "మరి తెలిసేదెలాగే?" అంది, అడిగినట్టు కాదు, తనలో తనే. "నెలనెలా... నాకెలా తెలుస్తుంది నువ్వు బాగున్నావని?"

స్మరాండ పిల్లని ఎడమచేతిలోకి మార్చుకుంది. కుడిచేత్తో సంచిలోంచి నూలు ఉండ తీసింది. కొస దొరకడానికి కాస్త టైము పట్టింది, నలభై ఏళ్ళుగా ఎవరూ లాగనిది. జానెడు లాగి పళ్ళతో తెంపింది. లోపలిది లోపలే ఉంచి ఉండని వెతూరియా ఒళ్ళో పెట్టింది. "చెయ్యి ఇటివ్వండి." ఆవిడ ఇవ్వలేదు, స్మరాండే తీసుకుంది. ఒక చేత్తో ముడి వెయ్యడం కుదరక ఒక కొస పళ్ళ మధ్య పట్టుకుని ఆ ముడతల మణికట్టు చుట్టూ తిప్పింది. "ఇది ఎనిమిదేళ్ళకి అత్తయ్యా. నెలనెలా చూసుకోనక్కర్లేదు. ఈలోపు నేను వద్దనుకుంటే నేనే వచ్చి విప్పుతాను, ఫైల్లో రాయించి వచ్చాను." వెతూరియా ఆ దారాన్ని చూసింది, పిల్ల చేతికున్న దారాన్ని చూసింది. పెదవులు కదిలాయి, ఎవరి పేరో అనుకుంది కాబోలు, పైకి అనలేదు. తర్వాత చెయ్యి స్మరాండ నోటికి ఇంకా దగ్గరగా జరిపింది.

"వదులుగా ఉందే. గట్టిగా కట్టు."